ఆ ఒక్కడికే కనిపించే రంగులు

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పదిమంది కలిసి చూసే ప్రొజెక్టర్‌ని మెజారిటీ ఓటుతో కొనకూడదు.

హాస్టల్ కామన్ రూమ్‌కి చందాలేసుకుని ఒకటి కొందామనుకున్నప్పటి నుంచి మనవాళ్లు రెండు పార్టీలయ్యారు. ఒకళ్లు డీఎల్‌పీ అంటారు, ఇంకొకళ్లు త్రీ ఎల్‌సీడీ అంటారు. మధ్యలో ఎవరో ఒకరు "కొంటే ఎల్‌కాస్ కొనాలి బాస్" అంటారు, రేటు అడిగితే కనపడరు. ఎవరిది రైటో తేలాలంటే ముందు ఆ డబ్బాల్లో ఏం జరుగుతుందో చూడాలి.

డీఎల్‌పీకి ప్రాణం 1987లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ కనిపెట్టిన చిప్. దాని మీద లక్షలకొద్దీ బుల్లి అద్దాలుంటాయి. ఒక అద్దం అటు వాలితే వెలుగు లెన్స్‌లోకి వెళ్తుంది, ఇటు వాలితే పక్కకి పోతుంది. సెకనుకి వేలసార్లు ఇదే పని. అద్దానికి రంగుతో సంబంధం లేదు కాబట్టి, ఇళ్లలో వాడే సింగిల్ చిప్ మోడళ్లు ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మల్ని ఒకదాని తర్వాత ఒకటి వేస్తాయి. అందుకోసం రంగుల చక్రం తిప్పుతాయి, లేదా మూడు రంగుల ఎల్‌ఈడీల్ని వంతులవారీగా వెలిగిస్తాయి. ఆ మూడింటినీ ఒక బొమ్మగా కలిపే పని మన కంటికీ మెదడుకీ వదిలేస్తాయి.

త్రీ ఎల్‌సీడీ ఆ పని తనే చేసుకుంటుంది. వెలుగుని మూడు రంగులుగా విడదీసి, మూడు ప్యానెళ్ల గుండా పంపి, పట్టకంలో మళ్లీ కలిపి, మూడు రంగుల్నీ ఒకేసారి తెరమీద వేస్తుంది. లోపాలు దీనికీ ఉన్నాయి. ఎల్‌సీడీ ప్యానెల్ వెలుగుని పూర్తిగా ఆపలేదు, కొంచెం కారుతుంది. అందుకే చీకటి గదిలో నలుపు బూడిద రంగులా కనిపిస్తుంది. మూడు ప్యానెళ్లు వెంట్రుకవాసి తేడాగా కూర్చున్నా అక్షరాల అంచుల్లో రంగు బయటపడుతుంది.

ఎల్‌కాస్‌లో లిక్విడ్ క్రిస్టల్ పొర సిలికాన్ చిప్ మీదే ఉంటుంది. వెలుగు దాని గుండా పోకుండా, తగిలి వెనక్కి వస్తుంది. సర్క్యూట్ అంతా అద్దం వెనకే ఉండటంతో పిక్సెళ్ల మధ్య గీతలు దాదాపు కనపడవు. సోనీ, జేవీసీ హోమ్ థియేటర్ మోడళ్లకి నలుపు విషయంలో అంత పేరు రావడానికి ఈ టెక్నాలజీయే ముఖ్య కారణం. ధర మాత్రం లక్షల్లో ఉంటుంది. మన చందాలకి అందదు, కాబట్టి పక్కన పెడదాం.

ఇక మిగిలిన రెండింటి సంగతి. డీఎల్‌పీ పార్టీ మొదటి బాణం కాంట్రాస్ట్ నంబర్. లెక్కేద్దాం. 100 అంగుళాల తెర వైశాల్యం సుమారు 2.75 చదరపు మీటర్లు. 2000 ల్యూమెన్లు మొత్తం దానిమీదే పడ్డాయనుకున్నా, తెల్లటి చోట వచ్చేది దాదాపు 725 లక్స్. కాంట్రాస్ట్ 1000:1 అయితే నల్లటి చోట 0.7 లక్స్ ఉంటుంది. ఇప్పుడు ట్యూబ్‌లైట్ నుంచి ఓ 70 లక్స్ తెరమీద పడిందనుకోండి. తెలుపు 795, నలుపు 70.7 అవుతాయి. అంటే మిగిలిన కాంట్రాస్ట్ సుమారు 11:1. పోనీ 10,000:1 ఉన్న ప్రొజెక్టర్ పెట్టి చూడండి. అప్పుడూ వచ్చేది అదే 11:1! మన రూమ్‌లో మ్యాచ్ ఉన్న రోజు లైట్లు ఆర్పనివ్వరు, సినిమా రోజు కారిడార్ లైటు లోపలికొస్తుంది. అక్కడ డబ్బామీది ఆ నంబర్‌కి పెట్టే డబ్బు వృథా.

రెండో బాణం బ్రైట్‌నెస్. చాలా డీఎల్‌పీ చక్రాల్లో మూడు రంగులతో పాటు ఒక తెల్ల ముక్క కూడా ఉంటుంది. తెలుపు ల్యూమెన్లు దానివల్ల పెరుగుతాయి గానీ రంగుల వెలుగు పెరగదు. పసుపు జెర్సీ తెల్లగోడంత ధీమాగా కనపడదు.

ఇప్పుడు అసలు విషయం. కన్ను ఒకచోట నిలవదు, తెరమీద అటూ ఇటూ దూకుతూనే ఉంటుంది. అలా దూకే క్షణంలో ఎరుపు రెటీనా మీద ఒకచోట, ఆకుపచ్చ దాని పక్కన, నీలం ఇంకో పక్కన పడితే, తెల్లటి సబ్‌టైటిల్ అంచుల్లో రంగులు మెరిసి మాయమవుతాయి. దీన్నే రెయిన్‌బో ఎఫెక్ట్ అంటారు. చాలామందికి ఇది కనపడదు. కనపడేవాళ్లకి మాత్రం పదేపదే కనపడుతుంది, కొందరికి కళ్లు లాగుతాయి, తలనొప్పి వస్తుంది. రంగులు వేగంగా మారే మోడళ్లలో తగ్గుతుంది గానీ అందరికీ పూర్తిగా పోదు.

"థియేటర్లోనూ డీఎల్‌పీయే కదా, అక్కడ రాదేం?" అని అడుగుతారు. థియేటర్ డీఎల్‌పీ ప్రొజెక్టర్లలో మూడు రంగులకి మూడు చిప్‌లుంటాయి. అక్కడ రంగులు వంతులవారీగా రావు, కాబట్టి ఈ గొడవే లేదు. పేరు ఒకటే అయినా పద్ధతి వేరు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది టెక్నాలజీ కాదు, మన జవాబు. ఎవడైనా "నాకు రంగులు కనిపిస్తున్నాయిరా" అంటే, "మాకెవరికీ లేదు, నీకే ఏంటి?" అని నవ్వేస్తాం. వాడు ఇంకోసారి చెప్పడు. మెల్లగా సినిమాకి రావడం మానేస్తాడు. చందా మాత్రం అందరితో సమానంగా కట్టి ఉంటాడు. బూడిద రంగు నలుపు అందరికీ కాస్త కాస్త నష్టం. రెయిన్‌బో అలా కాదు, భారమంతా ఒకరిద్దరి మీదే పడుతుంది. ఉమ్మడి వస్తువులో మొదటి రకం నష్టాన్నే ఎంచుకోవాలంటాను.

డీఎల్‌పీని తీసిపారేయట్లేదు. చిన్నగా ఉంటుంది, ఒకే చిప్ కాబట్టి అంచులు పదునుగా వస్తాయి, మంచి గేమింగ్ మోడళ్లున్నాయి. మీ గదిలో మీరొక్కరే చూసుకునేదైతే, ఆ రంగులు మీకు కనపడకపోతే, హాయిగా కొనుక్కోండి.

కామన్ రూమ్‌కి మాత్రం నా ప్రతిపాదన ఇది. కొనే ముందు షాపులో డెమో అడుగుదాం, రాగలిగినంత మందిమి వెళ్దాం. నల్ల తెరమీద తెల్ల అక్షరాలు వేయించి, చూపుని ఈ చివర నుంచి ఆ చివరకి గబగబా తిప్పి చూద్దాం. ఒక్క చెయ్యి లేచినా త్రీ ఎల్‌సీడీ. ఎవరూ ఎత్తకపోతే ఏది చవకైతే అది. ఎలాగైనా చందాల్లో కొంత పక్కన పెట్టి, కారిడార్ వైపు కిటికీలకి మందపాటి ముదురు రంగు కర్టెన్లు కుట్టిద్దాం.