బాలురు చూడదగిన చిత్రము

విజ్ఞాన కల్పనతో గూడిన చలనచిత్రమును పిల్లలకు చూపవచ్చునా, చూపరాదా యని పెద్దలు తరచుగా సందేహింతురు. "అందు భయంకర దృశ్యములు గలవు, వలదు" అని కొందరందురు. "అది వట్టి కల్పన, భయమేల?" అని మరికొందరందురు. ఈ రెండును తొందరపాటు తీర్పులే యని నా తలంపు.

1991లో సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వమున వెలువడిన ‘ఆదిత్య 369’ చిత్రమును ఇటీవల నా మనుమనితో గలసి చూచితిని. వానికి ఎనిమిదేండ్లు. అందలి కాలయంత్రము కథానాయకుని మొదట 1526వ సంవత్సరమునకు, శ్రీకృష్ణదేవరాయల కాలమునకు గొనిపోవును. పిమ్మట 2504వ సంవత్సరమునకు చేర్చును. రాయల సభను చూచి వాడు చప్పట్లు గొట్టెను. కాని మూడవ ప్రపంచయుద్ధానంతరము అణుధార్మికతకు వెరచి మానవులు భూగర్భమున నివసించుట చూచినపుడు నా చేయి గట్టిగా పట్టుకొనెను. ఆ రాత్రి నిద్రపోక, "తాతగారూ! మనము గూడ నేలక్రింద దాగవలయునా?" అని యడిగెను.

"మామగారూ! పసివానికి ఇట్టి చిత్రమేల చూపితిరి?" అని కోడలు మెల్లగా అడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే నా దోషము చిత్రము చూపుటలో లేదు; అది ముగియగనే మాటాడక లేచిపోవుటలో గలదు.

మరునాడు వానిని చేరదీసి యిట్లంటిని: "రాయలు 1509 నుండి 1529 వరకు రాజ్యమేలుట చరిత్ర. గతమునకు గొనిపోవు యంత్రము కల్పన; దానిని ఇంతవరకు ఎవ్వరును నిర్మింపలేదు. 1945లో హిరోషిమా, నాగసాకి నగరములపై అణుబాంబులు పడుట సత్యము. అట్టిది మరల జరుగకుండ చూచుకొనుట మానవుల చేతిలోనే యున్నది." వాడు కొంతసేపు ఊరకుండి, "ఎవరు చూచుకొందురు?" అని యడిగెను. బదులు చెప్పుటకు నాకే కొంత కాలము పట్టెను. భయము ప్రశ్నగా మారినదని మాత్రము గ్రహించితిని.

మన దేశమున 1952 నాటి చలనచిత్ర చట్టము ననుసరించి చిత్రములకు ధ్రువపత్రము లొసగుదురు. 2023లో ఆ చట్టమును సవరించి, పెద్దల మార్గదర్శకత్వము వలయు చిత్రములను 7, 13, 16 ఏండ్ల వయస్సులను బట్టి మూడు తెగలుగా విభజించిరి. ఇది మేలైన మార్పే. కాని ఆ గుర్తు పెద్దలను హెచ్చరించునే గాని, వారి పనిని తాను చేయజాలదు. ఒకే వయస్సు గల ఇద్దరు బాలురలో ఒకడు నవ్విన చోట మరియొకడు వణకును.

కావున చూచిన పిదప భయమొక్కటే మిగులునేని ఆ చిత్రము ఆ బాలునికి తగదు. ప్రశ్న మిగిలి, బదులు చెప్పువారు ప్రక్కన నుందురేని తగును. బాలబాలికలారా! మీ తమ్ములును చెల్లెండ్రును ఇట్టి చిత్రములు చూచునపుడు వారి చెంత కూర్చుండుడు. "ఇది నిజమేనా?" అని వారడిగినచో నవ్వక, తెలిసినంత వరకు చెప్పుడు, తెలియనిచో వారితో గలసి పెద్దల నడుగుడు.