ఫ్లోరైడ్: పంటికి మేలు, పొట్టలోకి వద్దు

"మా బోరు నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఉందంటారు, మళ్ళీ పేస్టులో కూడా ఎందుకు?" అని జనగామ వైపు వాళ్ళు అడుగుతుంటారు. నల్లగొండ వాళ్ళ కష్టం చూసినవాళ్ళం కదా, ఆ పేరు వింటేనే భయం!

సంగతేమిటంటే, పళ్ళ సందుల్లో మిగిలిన తీపిని సూక్ష్మక్రిములు ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపుకు పంటి పైపొర ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరుగుతాయి. మన ఉమ్మి వాటిని తిరిగి అతికిస్తుంది. అప్పుడు ఫ్లోరైడ్ తోడుంటే ఆ అతుకు గట్టిపడి, మళ్ళీ పులుపు తగిలినా తొందరగా కరగదు.

ఈ మేలంతా పంటికి పైన తగిలితేనే! ఎనిమిదేళ్ళ లోపు, పళ్ళు తయారయ్యే వయసులో, ఎక్కువగా కడుపులోకి పోతే తెల్లమచ్చలు, గోధుమరంగు చారలు వస్తాయి. ఎంత తోమినా పోవు.

అందుకే మూడేళ్ళ లోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీగింజంత పేస్టు చాలు. పక్కనే నిలబడి ఉమ్మించండి. పెద్దవాళ్ళు ఉమ్మేశాక అదేపనిగా పుక్కిలించకండి, పంటి మీది ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది. రాత్రి పడుకునే ముందు తోముకోవడం మరవద్దు.

మహబూబాబాద్, భూపాలపల్లి చెల్లెళ్ళకూ ఒక మాట. బోరు నీళ్ళు తాగేవాళ్ళు పరీక్ష చేయించండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వాడండి. పిల్లల పళ్ళ మీద చారలు కనిపిస్తే ఏ పేస్టు వాడాలో పళ్ళ డాక్టరునే అడగండి.