క్రాన్‌బెర్రీ మొక్క కొనే ముందు



ఈ మధ్య మా సంఘంలోనూ, చుట్టుపక్కల ఊళ్ళ కూడికల్లోనూ ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతోంది. "అయ్యగారూ, క్రాన్‌బెర్రీ మొక్క మన పెరట్లో వేసుకోవచ్చా?" అని. పల్లెటూరి పాస్టరును అడగనిదంటూ ఏదీ ఉండదు. రేషన్ కార్డు దగ్గర నుంచి గేదె ఈత దాకా అన్నీ మా దగ్గరకే వస్తాయి. నా జవాబు సూటిగా చెబుతాను. ఆంధ్రలో గానీ తెలంగాణలో గానీ క్రాన్‌బెర్రీ మొక్క మీద రూపాయి కూడా పెట్టకండి. అమెరికాలో చలి ప్రాంతాల్లో ఉన్న మన పిల్లలు మాత్రం పెరట్లో ఒక మడి తప్పక వేసుకోవాలి.

ఇది ఉత్తర అమెరికా ఈశాన్య భాగంలోని చిత్తడి నేలల్లో తనంతట తాను పుట్టిన మొక్క. అది చెట్టు కాదు, నేల మీద పాకే తీగ. ఆ తీగ నుంచి జానెడు లోపు ఎత్తులో నిలువు కొమ్మలు లేస్తాయి. కాయ కాసేది వాటికే. ఎర్రని కాయలు చెరువు నిండా తేలుతున్న వీడియోలు చూసి, ఇది నీళ్ళలో పెరిగే పంట అనుకుంటారు మనవాళ్ళు. ఆ నీళ్ళు పెట్టేది కోత కోసం. కాయ లోపల నాలుగు గాలి గదులు ఉంటాయి కాబట్టి నీళ్ళు పెట్టి తీగను కదిలిస్తే కాయ పైకి తేలుతుంది. గడ్డకట్టే చలి నుంచి తీగను కాపాడటానికి శీతాకాలంలో మరోసారి నీళ్ళు కడతారు. మిగతా కాలమంతా మడిలో తడి ఉండాలే తప్ప నీరు నిలవకూడదు. వరి పండించే చేతులకు ఈ సంగతి కొంచెం కొత్తగా అనిపిస్తుంది.

మట్టి బాగా పులుపుగా ఉండాలి. మట్టి పరీక్ష కాగితం మీద పి.హెచ్. అనే అంకె చూసి ఉంటారు. క్రాన్‌బెర్రీకి అది 4 నుంచి 5.5 మధ్య కావాలి. మన నల్లరేగడి 8 చుట్టూ ఉంటుంది. పోనీ కుండీలో మట్టి మార్చి పెంచుదామా అంటే, చలి సంగతి ఏమిటి? ఏడు డిగ్రీల లోపు చలి ఏటా వెయ్యి గంటలకు పైగా తగిలితేనే ఈ తీగ నిద్రపోయి, లేచి, పూత పూస్తుంది. మన లంబసింగిలో కూడా అంత చలి కొద్ది రాత్రుల ముచ్చటే. ఏ జాతి మొక్కను ఆ జాతిగా పుట్టించిన దేవుడు దానికి తగిన నేలనూ చలినీ కూడా ఇచ్చాడు. ఆ ఏర్పాటును కుండీలోకి తెచ్చుకోలేం.

మరి మన దగ్గర క్రాన్‌బెర్రీ పేరుతో అమ్ముతున్నదేమిటి? చాలా చోట్ల అది వాక్కాయ. ముళ్ళు ఉండి, కాయ తుంచితే పాలు కారితే అది వాక్కాయే. వానాకాలంలో పప్పులో వేసుకుంటామే, అదే. వాక్కాయ మంచిది. ఎండకు ఓర్చుకుంటుంది, కంచెగా పనికొస్తుంది, పచ్చడికీ పులిహోరకీ సాటిలేనిది. దాన్నే పంచదార పాకంలో ఊరబెట్టి, ఎర్రరంగు వేసి, కేకుల మీద చెర్రీగా కూడా పెడుతున్నారు. ఇంట్లో ఉన్నప్పుడు ముళ్ళకంప అని కొట్టేసి, ఇంగ్లీషు పేరు తగిలించగానే డబ్బులిచ్చి కొంటున్నాం. నాకు బాధ కలిగేది అక్కడే.

అంతకంటే బరువైన సంగతి ఒకటుంది. మా సంఘంలో ఒక సహోదరి ఫోనులో వచ్చిన సందేశం చూసి ఆన్‌లైన్‌లో మూడు మొక్కలు తెప్పించుకుంది. మూత్రంలో మంట ఉందట, చాలాకాలంగా. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. మొక్క కాపుకొస్తే కాయ తిని బాగుపడదామని చూస్తూ కూర్చుంది. క్రాన్‌బెర్రీ రసం కొందరు స్త్రీలకు ఈ బాధ మళ్ళీ మళ్ళీ రాకుండా కొంత సాయపడవచ్చని వైద్యులు చెబుతారు, నిజమే. కానీ వచ్చిన ఇన్ఫెక్షన్‌ను అది నయం చేయదు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి మొదలైతే వ్యాధి మూత్రపిండాల దాకా పాకి ఉండవచ్చు. అక్కలారా, చెల్లెళ్ళారా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. మూత్ర పరీక్ష చేయించుకోండి. సిగ్గనిపిస్తే పాస్టరమ్మగారిని తోడు తీసుకెళ్ళండి. హిజ్కియా రాజు పుండు మీద యెషయా అంజూరపు ముద్ద పెట్టించాడు. ప్రార్థనకు మందు ఏనాడూ శత్రువు కాలేదు.

ఇక అమెరికాలో ఉన్నవారి సంగతి. మన ఊళ్ళ నుంచి కూతురి పురిటికో కోడలి పురిటికో వెళ్ళే అమ్మలు అక్కడ పెరట్లో గోంగూర, సొర, బెండ వేస్తారు. తప్పులేదు. అయితే మొదటి మంచు పడగానే ఆ మడి నల్లబడిపోతుంది. క్రాన్‌బెర్రీ ఆ మంచులోనే బతికే మొక్క. న్యూజెర్సీలో, మసాచుసెట్స్‌లో, విస్కాన్సిన్‌లో అది స్థానికం. నవంబరులో అంగడి నుంచి పచ్చి కాయ తెచ్చి పప్పు, పచ్చడి చేసుకుంటున్న తెలుగు ఇళ్ళు ఇప్పటికే చాలా ఉన్నాయి. చెరలో ఉన్నవారికి యిర్మీయా ఉత్తరం రాస్తూ, ఉన్నచోటే తోటలు వేసుకోమన్నాడు. యెరూషలేము మొక్కలే వేయమని అనలేదు కదా! డాలస్ వైపు ఉన్నవారు మాత్రం దీని జోలికి పోకండి. అక్కడి ఎండా, సున్నపు మట్టీ దీనికి పడవు.

నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు మడి చాలు. వేళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు తవ్వి, ఆ మట్టి తీసేసి, పీట్ మాస్, ఇసుక కలిపి నింపాలి. అడుగుకొక మొక్క. సున్నం వద్దు. పొయ్యి బూడిద అసలే వద్దు, అది పులుపును చంపుతుంది. వాన నీరు పట్టిపోస్తే మంచిది. నత్రజని ఎరువు ఎక్కువైతే తీగ ఏపుగా అల్లుకుంటుంది గానీ కాయ కాయదు. పెంటపోగు చూస్తే చేయి ఆగని మన అమ్మలకు ఇది కష్టమైన నియమం!

రెండు మూడేళ్ళకొకసారి మడి మీద అర అంగుళం ఇసుక పలుచగా చల్లాలి. ఇది మసాచుసెట్స్‌లోని డెన్నిస్ అనే ఊళ్ళో తెలిసిన కిటుకు. 1816 ప్రాంతంలో హెన్రీ హాల్ అనే ఆయన తన నేలలోని తీగల మీదికి సముద్రపు గాలి ఇసుకను కొట్టుకొస్తుంటే గమనించాడు. పూడిపోయి చస్తాయనుకోవలసిన తీగలే మరింత బాగా కాశాయి. ఇసుక కింద పడిన తీగ కొత్త వేళ్ళు వేస్తుంది, కొత్త నిలువు కొమ్మలు పంపుతుంది. ఆయనకంటే ఎంతో ముందే వాంపనోగ్ అనే ఆదివాసులు ఆ కాయను ఏరుకుని తిన్నారు. ఆ రాష్ట్రంలో నూరేళ్ళు దాటిన తీగలు ఇప్పటికీ కాస్తున్నాయి.

వసంతకాలానికి అక్కడికి చేరే అమ్మలకు ఒక మాట. కాపు రావడానికి మూడేళ్ళు పడుతుంది. మీకు అక్కడ ఉండనిచ్చేది మహా అయితే ఆరు నెలలు. అయినా మడి తవ్వించి, నాటి రండి. పచ్చడికి కాయ ఎంత, బెల్లం ఎంత, మెంతులు ఎంత అన్నది మాత్రం అమ్మాయికి కాగితం మీద రాసిచ్చి విమానం ఎక్కండి.