కండ పెరిగితే బలము పెరిగినట్టేనా?



క్రిందటి క్రిస్మస్‌కు మా పెదకాకాని సంఘ యౌవనస్థులు దావీదు, గొల్యాతుల నాటిక వేశారు. గొల్యాతు వేషము ఎవరికి ఇవ్వాలా అని మేము ఆలోచించవలసిన పని లేకపోయింది. సంఘములో ఒక పందొమ్మిదేళ్ల కుర్రవాడు ఒక్క ఏడాదిలో ఇంతకు ఇంత అయ్యాడు. అంతకు ముందు గాలికి ఊగే జొన్న దంటులా ఉండేవాడు. ఇప్పుడు చొక్కా చేతులు చిరిగిపోయేటంత కండ. వాడు అట్ట కవచము తొడుక్కుని వేదిక మీదికి రాగానే పిల్లలు కేరింతలు కొట్టారు. మేము మైకు పుచ్చుకుని, "చూశారా, మన పెదకాకాని గొల్యాతు!" అన్నాము. చప్పట్లు మ్రోగాయి. ఆ చప్పట్లలో మావి కూడా ఉన్నాయి. ఈ సంగతి ముందుగా ఒప్పుకొనుట న్యాయము.

ఫిబ్రవరిలో, మిరప కోతలు ముమ్మరముగా ఉన్న రోజుల్లో, ఆ పిల్లవాని తల్లి పొలము నుండి తిన్నగా మా ఇంటికి వచ్చింది. చేతులకు ఇంకా మిరప ఘాటు ఉంది. కొంగు ముడి విప్పి బల్ల మీద పెట్టింది. వాడిన సూదులు నాలుగు, ఖాళీ మందు సీసాలు రెండు.

"అయ్యగారండీ, మావాడు ట్రంకు పెట్టె వెనకాల దాచాడండి. ఇవేం మందులో ఏమో! వాళ్ల నాన్నకు ఇంకా చెప్పలేదండి. మొన్న అన్నం ఆలస్యమైందని చెల్లెలి మీద చెయ్యెత్తాడు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అట్టా చెయ్యలేదండి మావాడు."

గుంటూరులో మాకు తెలిసిన వైద్యుని దగ్గరకు వాటిని తీసికొని వెళ్లాము. ఆయన సీసా త్రిప్పి చూసి, "ఇవి కండ పెరగడానికి వేసుకునే స్టెరాయిడ్లు. ఇందులో ఒకటి పశువులకు వాడేది" అన్నారు. మాకు నోట మాట రాలేదు.

పిల్లవానిని పిలిచి అడిగితే మొదట బుకాయించాడు. తరువాత తల వంచుకుని చెప్పాడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పోవాలని కోరిక. ఇటీవలి ఎంపికలలో మగవారికి సాధారణముగా 167.6 సెంటీమీటర్ల ఎత్తు, 86.3 సెంటీమీటర్ల ఛాతీ అడుగుతున్నారు. ఊపిరి పీలిస్తే ఆ ఛాతీ కనీసము మరి 5 సెంటీమీటర్లు పెరగాలి. వీనికి ఛాతీ చాలదని బెంగ. వ్యాయామశాలలో ఎవరో "పది వారాల కోర్సు వేసుకుంటే చాలు" అన్నారట. తండ్రి కౌలు చేనికి పురుగుమందు కోసము దాచిన సొమ్ములో నుండి కొంచెము కొంచెము తీశాడు.

"అందరూ బాగుందన్నారండీ. మీరు కూడా అన్నారు గదండీ, అయ్యగారూ" అన్నాడు.

దానికి మా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ నెల ఈ విషయము వ్రాస్తున్నాము. మీ ఇంట్లోనూ ఎదిగే మగపిల్లలు ఉంటారు. దయచేసి చివరి వరకు చదవండి.

స్టెరాయిడ్ అంటే ఏమిటి?

మొదట ఒక సందేహము తీర్చాలి. ఉబ్బసానికి, కొన్ని చర్మ వ్యాధులకు, కీళ్ల వాపులకు వైద్యులు వ్రాసే ప్రెడ్నిసోలోన్, డెక్సామెథాసోన్ వంటి మందులను కూడా స్టెరాయిడ్లనే అంటారు. అవి వేరు. వైద్యుడు వ్రాసినంత కాలము, వ్రాసినంత మోతాదులో వాడితే అవి ప్రాణము నిలబెడతాయి. అటువంటి మందు వాడుతున్నవారు ఈ వ్యాసము చదివి హఠాత్తుగా మానరాదు; అది అపాయము. అయితే "లావు మాత్ర", "బలము సూది" అని పల్లెల్లో చీటీ లేకుండా ఇచ్చే వాటిలో ఇవే కలుస్తుంటాయి. వీటితో ముఖము ఉబ్బుతుంది, నీరు చేరి బరువు పెరుగుతుంది. అది బలము కాదు, వాపు.

మేము చెప్పేది రెండవ రకము. మగవాని శరీరములో టెస్టోస్టిరోన్ అనే రసము సహజముగా ఊరుతుంది. గొంతు మారడము, మీసము రావడము, కండ గట్టిపడడము దాని పనులే. 1935లో శాస్త్రజ్ఞులు దీనిని ప్రయోగశాలలో తయారుచేశారు. దానిని పోలిన మందులు తరువాత ఎన్నో వచ్చాయి. కొన్ని రోగాలలో వీటికి న్యాయమైన ఉపయోగము ఉంది. కాని ఆరోగ్యవంతుడు కండ కోసము అధిక మోతాదులో ఎక్కించుకుంటే ఏమవుతుంది? బయటి నుండి దండిగా వస్తున్నది గనుక శరీరము తన సొంత తయారీ మానుకుంటుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి. మగవానికి రొమ్ములు పెరుగుతాయి. వీపు నిండా మొటిమలు లేస్తాయి. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, రక్తపోటు పెరుగుతుంది, గుండె కండరము మందమవుతుంది. మాత్రల రూపములో మ్రింగితే కాలేయము దెబ్బతింటుంది. చీటికి మాటికి కోపము. మందు మానితే దిగులు. ఇంకా ఎదుగుతున్న పిల్లవాడు వాడితే ఎముకల చివరలు ముందుగానే మూసుకుపోయి ఎత్తు అక్కడితో ఆగిపోవచ్చు. ఒకరి సూది ఒకరు వాడితే హెచ్.ఐ.వి., కామెర్లు అంటుకొనవచ్చు.

పత్తి, మిరప పండించే మన రైతులకు ఇది వేరే చెప్పాలా? యూరియా ఎక్కువ చల్లితే చేను నల్లగా, ఏపుగా లేస్తుంది. దారిన పోయేవారు ఆగి చూస్తారు. కాని ఆకు బలుస్తుంది, కాయ తగ్గుతుంది, రసము పీల్చే పురుగులన్నీ ఆ చేనికే చేరతాయి. చేనికి చెల్లే న్యాయమే దేహానికీ చెల్లుతుంది.

అమెరికా ఆట నేర్పిన పాఠము

అమెరికా వారికి ఫుట్‌బాల్ అని ఒక ఆట ఉంది. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు లాంటి బంతిని చేత పట్టుకుని, మనుషులు మనుషులను ఢీకొని తోసుకుంటూ ఆడేది. ముందు వరుసలో నిలిచి ఢీకొనేవారిని లైన్‌మెన్ అంటారు. 1920ల నాటి వృత్తి ఆటలో వీరి బరువు సుమారు 95 కిలోలు. 1985లో షికాగో జట్టుకు విలియం పెర్రీ అనే సుమారు 150 కిలోల ఆటగాడు వస్తే దేశమంతా "రిఫ్రిజిరేటర్" అని పిలుస్తూ వింతగా చూసింది. ఇప్పుడు ముందు వరుసలో 136 కిలోలు దాటినవారు సర్వసాధారణము.

ఇదంతా సూదుల వలననే అంటే అబద్ధమవుతుంది. తిండి పెరిగింది, బరువులెత్తే సాధన పెరిగింది. 1978లో నియమాలు మార్చి, అడ్డుకునే ఆటగాడు చేతులు చాచి నెట్టవచ్చునన్నారు. దానితో భారీ మనిషికి గిరాకీ ఏర్పడింది. కాని మందు పాత్ర కూడా చిన్నది కాదు. డయనబాల్ అనే స్టెరాయిడ్ మాత్ర 1958లో ఆ దేశములో అమ్మకానికి వచ్చింది. 1963లోనే శాన్‌డియెగో జట్టు శిక్షణా శిబిరములో దానిని భోజనపు బల్ల దగ్గర ఆటగాళ్లకు పంచిపెట్టారు. పోషకాహారము అనుకుని మ్రింగినవారు ఉన్నారు. ఆ వృత్తి సంఘము పరీక్షలు మొదలుపెట్టినది 1987లో. దొరికినవారిని ఆట నుండి నిలిపివేయడము 1989లో. అనగా పాతికేళ్లపాటు అడిగేవారు లేరు.

లైల్ అల్జాడో అనే పేరుగాంచిన ఆటగాడు 1991లో ఒక క్రీడా పత్రికలో, తాను 1969 నుండి ఈ మందులు వాడినట్టు బయటపెట్టాడు. అప్పటికే అతనికి మెదడులో క్యాన్సర్. దానికి స్టెరాయిడ్లే కారణమని అతడు నమ్మాడు. వైద్యులు మాత్రము అది రుజువు కాలేదన్నారు. 1992 మే నెలలో 43 ఏళ్లకే చనిపోయాడు. కారణము ఏదైనా, తన వలె ఎవరూ కావద్దని చెప్పడానికి అతడు చివరి రోజులను వెచ్చించాడు.

1994లో అమెరికా ప్రభుత్వ పరిశోధకులు మాజీ ఆటగాళ్ల మరణాలను లెక్కించారు. మొత్తము మీద ఆటగాళ్లు సామాన్యుల కంటే తక్కువ మందే చనిపోయారు. వ్యాయామము మేలు చేసినదన్నమాట. కాని ముందు వరుస భారీకాయులలో మాత్రము గుండెజబ్బు మరణాలు సామాన్యుల కంటే ఎక్కువ. మితిమీరిన దేహమును మోయవలసినది గుండెయే గదా.

మన దేశము సంగతి

ఇది దొరల దేశపు రోగమని మనము గుండెల మీద చేయి వేసుకుని నిద్రపోవడానికి లేదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మన దేశపు మహిళా వెయిట్‌లిఫ్టర్లు ఇద్దరు నిషిద్ధ మందుల పరీక్షలో పట్టుబడ్డారు. 2005లో జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ ఏర్పడింది. 2022లో పార్లమెంటు దీనికి చట్టమే చేసింది. అయినా ప్రపంచ సంస్థ లెక్కల ప్రకారము 2023లో మన దేశము పరీక్షించిన 5,606 నమూనాలలో 213 నిషిద్ధ మందులు ఉన్నట్టు తేలాయి. పెద్ద ఎత్తున పరీక్షలు జరిపే దేశాలలో ఇంతటి నిష్పత్తి మరి ఎక్కడా లేదు. ఇది పోటీలకు వెళ్లేవారి లెక్క. మన వ్యాయామశాలల్లో సూది పొడుచుకునే పిల్లలను పరీక్షించేవారు ఎవరు? తల్లి కొంగు ముడి ఒక్కటే.

మరి సూది లేకుండా బలము రాదా? వీరఘట్టములో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారి పేరు మన పెద్దలు కథలు కథలుగా చెప్పేవారు. ఇనుప గొలుసులు తెంచాడు, ఛాతీ మీద ఏనుగును నిలిపాడు, కదిలే కార్లను ఆపాడు. శాకాహారి. ఆయన పేరు మారుమ్రోగిన నాటికి ఆ మందు లోకములోనే లేదు. ఆమదాలవలసలో సాధన మొదలుపెట్టిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీలో మొత్తము 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది. ఇక మన ప్రక్కనే బాపట్ల దగ్గర స్టూవర్టుపురము. తెల్లవారి ప్రభుత్వము ఒక జాతినంతటిని నేరస్థులని ముద్ర వేసి, సాల్వేషన్ ఆర్మీ వారి అజమాయిషీలో పెట్టిన ఊరు. ఆ ఊరి బిడ్డ రాగాల వెంకట రాహుల్ 2018 ఏప్రిల్‌లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 338 కిలోలు ఎత్తి బంగారు పతకము తెచ్చాడు. అతని తండ్రి కూడా బరువులెత్తినవాడే. పది వారాల కోర్సుతో వచ్చే పని కాదది.

మన ప్రాంతములో ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూడని వారుండరు. అక్కడ రెండు పళ్ల గిత్తలకు ఒక విభాగము, నాలుగు పళ్లకు ఒకటి, ఆరు పళ్లకు మరొకటి. రెండు పళ్ల గిత్తను ఆరు పళ్ల బండకు కట్టేవాడిని ఊరంతా తిడుతుంది. పశువు విషయములో ఉన్న ఈ ఓర్పు కన్నబిడ్డల విషయములో మనకు ఎందుకు లేదు?

తలిదండ్రులకు కొన్ని మాటలు

పిల్లవాడు రెండు మూడు నెలల్లో విపరీతముగా బరువు పెరిగితే, వీపున మొటిమలు లేస్తే, ఇంట్లో ఎన్నడూ లేని కోపము చూపిస్తే, లెక్క చెప్పకుండా డబ్బు అడుగుతుంటే గమనించండి. కొట్టవద్దు, నలుగురిలో పరువు తీయవద్దు. వైద్యుని దగ్గరకు తీసికొని వెళ్లండి. ఏ మందు, ఎన్నాళ్లు వాడాడో దాచకుండా చెప్పించండి. మానిన తరువాత వచ్చే దిగులు మరీ ప్రమాదము. ఆ రోజుల్లో పిల్లవానిని ఒంటరిగా వదలవద్దు.

వ్యాయామము మానిపించవద్దు. తిండి చూడండి. నూరు గ్రాముల వేరుశనగ గింజలలో సుమారు 25 గ్రాములు, అంతే కందిపప్పులో సుమారు 22 గ్రాములు, ఒక్క కోడిగుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఉలవలు ఉన్నాయి, పాలు ఉన్నాయి. వీటికి తోడు కంటినిండా నిద్ర. పోలీసు ఎంపికలో ఛాతీ కొలత ఒక్కటే కాదు, 1600 మీటర్ల పరుగు కూడా ఉంది. అది సూదితో గడవదు, ఉదయాన్నే లేచి పరుగెత్తితేనే గడుస్తుంది.

సంఘ పెద్దలకు, మాకు కూడా ఒక మాట. సౌలు అందరికంటె భుజములు పైకి ఎత్తయినవాడని జనులు మురిసిపోయారు. తరువాత ఏమైనదో మీరు ఎరుగుదురు. ఆ సౌలు కవచమును దావీదు తొడిగి చూసి, తనకు అలవాటు లేదని విప్పి పెట్టాడు. మనము పిల్లలకు ఏ కవచము తొడుగుతున్నామో చూసుకోవాలి. సన్నగా ఉన్నవానిని "చీపురుపుల్ల" అని పిలిచేది మనమే, లావైన తరువాత చప్పట్లు కొట్టేదీ మనమే.

మా కుర్రవాడు మందు మాని ఇప్పటికి ఏడు నెలలైంది. కండ చాలా వరకు తగ్గిపోయింది. మొదటి రెండు నెలలు గుమ్మము దాటి రాలేదు. ఆరాధనకు కూడా రాలేదు. మేమే వారి ఇంటికి వెళ్లి, తండ్రి ఎదుట, ఆనాడు మైకులో అన్న మాటకు క్షమించమని అడిగాము. తండ్రి కొడుకును ఒక్క మాట అనలేదు. పోయిన సొమ్ముకు బదులు కొడుకు ఆ వేసవిలో మిరప కళ్లములో కూలికి వెళ్లాడు. రక్తపరీక్ష ఇంకా పూర్తిగా బాగు కాలేదు. మరికొన్ని నెలలు ఆగి చూడాలన్నారు వైద్యుడు. తల్లి అడగలేక అడిగిన ప్రశ్న, వీనికి రేపు బిడ్డలు కలుగుతారా అన్నది. చాలామందికి కాలము మీద సర్దుకుంటుందని ఆయన ధైర్యము చెప్పారు. చెల్లెలు మాత్రము మళ్లీ అన్నతో మాట్లాడుతున్నది.

ఈ క్రిస్మస్ నాటికకు ఏ వేషము కావాలని అడిగాము. "పరదా లాగుతానండి, అయ్యగారూ" అన్నాడు. సరే అన్నాము. ఈసారి చప్పట్లు కొట్టేటప్పుడు ఆ పరదా వైపు కూడా చూస్తాము.

మీ బిడ్డలు ఆరోగ్యముగా, తమ వయసుకు తగిన బలముతో ఎదుగుదురు గాక. వచ్చే నెల మరల కలుసుకుందాము.