అల్లిక సూదులును ఇంటి గడియలును



దసరా పండుగ దాటి ఆశ్వయుజ మాసము ముగియవచ్చుసరికి మన జహీరాబాదునందు తెల్లవారుగాలి మాఱును. సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల యెత్తున నున్న యెఱ్ఱనేల మిట్ట యిది. ప్రక్కనున్న కోహీరు పేరు తెలంగాణములో మిక్కిలి చలిగల యూళ్ల వరుసలో తఱచు వినబడుచుండును. జామకాయల గంపలు సంతకు దిగు దినములలోనే యింటింటను పెట్టెలు తెఱచి ఉన్నిబట్టల నెండవేయుదురు. అల్లిక నేర్చిన యిల్లాలికి అప్పుడు రెండు పిలుపులు వచ్చును. ఒకటి చలిది, రెండవది చుట్టములది. "వదినా, మీరెటులను ఖాళీగానే యుందురు గదా! మా చిన్నవాని కొక స్వెట్టరు అల్లిపెట్టరాదా?" అని ఆడపడుచు ప్రేమతోనే యడుగును. ఆ "ఖాళీ" యను మాటను గూర్చియే ఈ నెల మేము ముచ్చటింపదలచితిమి.

ముందుగా లెక్క చూతము. రెండేండ్ల బిడ్డకు చుట్టుకొలత 60 సెంటీమీటర్లు గల స్వెట్టరు కావలెననుకొందము. నడితరము సన్నని దారముతో 10 సెంటీమీటర్ల వెడల్పునకు 22 కుట్లును, 10 సెంటీమీటర్ల పొడవునకు 30 వరుసలును వచ్చునని యెంతము. చుట్టును 132 కుట్లు; 35 సెంటీమీటర్ల పొడవునకు 105 వరుసలు. ఒడలికే 13,860 కుట్లాయెను. చేతులు రెంటికి, ఒక్కొక్కదానికి సగటున 44 కుట్ల చొప్పున 75 వరుసలు వేసిన, మఱి 6,600. చంకలయొద్దను మెడయొద్దను కొంత తగ్గును. అంచులకును కుట్టి కలుపుటకును కొంత పెరుగును. మొత్తము ఇరువదివేల కుట్లకు తక్కువ గాదు. తీరికగా అల్లుచేయి నిమిషమునకు 20 కుట్లు వేసినచో ఇది పదునేడు గంటల పని. అన్నము వండి, బిడ్డలను బడికి పంపి, పెద్దలకు మందులిచ్చి, గిన్నెలు సర్దుకొన్న తరువాత దినమున కొక యరగంట మిగిలినను, ఒక్క స్వెట్టరునకు ముప్పదినాలుగు దినములు పట్టును. దసరానాడు మొదలుపెట్టినగాని మార్గశిరపు చలికి అది బిడ్డ వంటికి రాదు. సంక్రాంతికి ముగించిన స్వెట్టరు మఱుసటియేటికి ఆ బిడ్డకే చాలదు.

ఈ లెక్క తెలిసిన యామె ఒక్కసారి ఐదు పనులు నెత్తిన వేసికొనదు. అల్లికయందు ప్రీతిగలవారికి క్రొత్త దారపుండను చూచినంతనే చేతులాడుట సహజమే. పాతపని సగములో నుండగనే క్రొత్త దానికి కుట్లెత్తుదురు. తుదకు పెట్టె నిండ సగము మేజోళ్లు, ఒంటిచేతి స్వెట్టరులు మిగులును. చలికాలము మాత్రము వెడలిపోవును. మూడు పనులకు మించి సూదులపై నుండరాదని మా మతము. వానికి మూడు చోట్లు ఏర్పఱచుకొనుడు.

మొదటిది చేతిసంచిలోని పని. ఇది చిన్నదై, కన్ను చూడకున్నను చేయి నడచునదై యుండవలెను. టోపీయో, ఒకేరంగు మఫ్లరో ఇందులకు తగినది. రెండవది వంటయింటి గడపకు దవ్వుగా, పిల్లలు పాఠములు చదువుకొను చోట నుంచుకొను బుట్టలోని పని. స్వెట్టరు ఒడలివంటి పొడవైన సాదాపని దీనికి ఒప్పును. నడుమ ఎవరైన పిలిచినను వరుస తప్పదు. మూడవది పూవులు, తీగెలు, రంగుల మార్పులు గల కఠినమైన పని. అది పెట్టెలోనే యుండవలెను. ఇల్లు సద్దుమణిగి, దీపమునకు దగ్గఱగా కూర్చుండి లెక్కపెట్టుకొను నాడే దానిని బయటికి తీయుడు. ఈ మూటిలో ఒకటి ముగిసినగాని నాల్గవదాని కొఱకు దారము కొనరాదు.

లెక్క మఱవకుండుటకు వరుసలెన్నుయంత్రము కొననక్కఱలేదు. చిన్న గుడ్డసంచికి రెండఱలు కుట్టి, ఒక యఱలో చింతపిక్కలు పోయుడు. వరుస ముగిసినప్పుడెల్ల ఒక పిక్కను రెండవ యఱలోనికి మార్చుడు. పసిబిడ్డ యేడ్చి మీరు లేచిపోయినను పిక్కలు లెక్కను కాపాడును. పసివారు పిక్కలను నోటవేసికొనకుండ సంచిమూతి బిగించుట మాత్రము మఱవరాదు.

ఇక ప్రయాణము. జహీరాబాదు బాటమీది యూరు. హైదరాబాదు నుండి పూణెకు పోవు 65వ సంఖ్య జాతీయరహదారి మన మీదుగనే పోవును. హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు, బీదరు సుమారు 30 కిలోమీటర్లు. వికారాబాదు నుండి కోహీరు మీదుగా వచ్చి, బీదరు మీదుగా పర్లి వైపునకు పోవు రైలుదారియు మనకు కలదు. పుట్టింటికి, పెండ్లికి, ఝరాసంగమునందలి కేతకీ సంగమేశ్వరుని దర్శనమునకు, ఆసుపత్రికి, ఏదో యొక పనిమీద నెలకొక్కసారియైనను మనము బండియెక్కుదుము. ఆ గడియలే అల్లికకు దొరకు నిజమైన విరామము. రైలులో కిటికీయొద్ద చోటు దొరకి గంటసేపు చేయి సాగినచో 1,200 కుట్లు పడును. పోయి వచ్చుసరికి బిడ్డటోపీ చాలభాగము తీరును.

కాని బండిలో కొన్ని నియమములు పాటింపవలెను. పొడవాటి ఇనుపసూదులు ప్రక్కవారి ప్రక్కటెముకలకు తగులును. ఒడిలోని బిడ్డ కన్నులకు ముప్పు. రెండు పొట్టిసూదులను తీగెతో కలిపిన గుండ్రని సూది ప్రయాణమునకు మేలు. అది క్రిందపడి దొర్లిపోదు. అల్లిక బరువంతయు ఒడిలోనే నిలుచును. వెదురుసూదులైనచో కుట్లు జాఱవు. ఊరు బయలుదేఱకముందు, వేఱురంగు నూలుదారమును మొద్దుసూదికెక్కించి ఒక వరుస కుట్లన్నిటిగుండ దూర్చియుంచుడు. కుదుపులో సూది జాఱినను అల్లిక ఆ దారము దాటి విడిపోదు. ఘాటురోడ్డునందును గతుకులబాటయందును సూదులు సంచిలో నుండవలసినదే. సీదా, ఉల్టా అని మన ప్రాంతమున వాడుకలోనున్న ఆ రెండు కుట్లే తప్ప మఱియేమియు అక్కఱలేని పనియే దారికి తీసికొనిపోవుడు. అరగంటకొకమాఱు చేతులు విదిలించి దూరమునకు చూడుడు. మణికట్టునకును కంటికిని అదియే మందు.

దారమును గూర్చి ఒకమాట. అంగడిలో "ఉన్ని" యని అమ్మునది చాలవఱకు ఉన్ని కాదు, అక్రిలిక్ అను కృత్రిమపు దారము. అది చవుక, రంగు తేట, ఉదుకుట తేలిక. కాని నిప్పునకు అది కరగి చర్మమున కంటుకొనును. నిజమైన ఉన్ని నిప్పు తగిలినను త్వరగా మండదు. పరీక్షకు, పిల్లలు దవ్వున నుండగా, నీళ్లు ప్రక్కనుంచుకొని, ఒక చిన్న దారపుముక్కను పట్టుకారుతో పట్టి పళ్లెముపై అంటింపుడు. వెండ్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వ్రేళ్ల నడుమ పొడియైనచో అది ఉన్ని. కరగి గట్టిపూసగా మాఱినచో అది కృత్రిమము. పొయ్యియొద్ద నిలుచువారికిని, ప్రాకులాడు పసిబిడ్డలకును దారము కొనునప్పుడు ఈ భేదము తెలిసియుండవలెను. ఉన్నిబట్టను గోరువెచ్చని కుంకుడురసములో ముంచి, పిండక, తుండుగుడ్డలో నదిమి, నీడలో పఱచి ఆఱవేయుడు. చాకిరేవు సోడా ఉన్నికి శత్రువు.

మన నేలపైనను ఉన్ని పుట్టుచునేయున్నది. దక్కనీ గొఱ్ఱెల నల్లని ముతకయున్నిని కుఱుమల యిండ్ల స్త్రీలు వడకగా, చింతపిక్కల గంజి పట్టించి మగ్గముపై నేసిన గొంగడి చలికిని వానకును కాపరికి ఇల్లువంటిది. ఆ ఉన్ని పసిబిడ్డ మెడకు గ్రుచ్చుకొనును గాని కంబళిగా దానికి సాటిలేదు. అయినను గొంగడిని చూచినవారు నేసినవానిని తలతురు. దినములతరబడి దారము వడికిన యామెను తలపరు.

ఇంటిలో కూర్చుండి చేసినందున స్త్రీ పని పని గాకపోవుటకు తెలుగుదేశమునందే పెద్ద యుదాహరణము కలదు. పశ్చిమగోదావరి జిల్లా నరసాపురప్రాంతమున 19వ శతాబ్దమునందు క్రైస్తవ మిషనరీలు నేర్పిన కొక్కెపుసూది లేసు అల్లిక వేలకొలది యిండ్లకు వ్యాపించి, సముద్రములు దాటి అమ్ముడుపోయెను. జర్మనీదేశపు సామాజికశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ అచ్చట పరిశోధించి 1982లో ఆ లేసు అల్లువారిని గూర్చి ఒక గ్రంథము ప్రకటించినది. దినమున పెక్కుగంటలు అల్లినను వారిని పనివారని యెవరును అనలేదు. తీరికవేళ ప్రొద్దుపుచ్చు గృహిణులనిరి. ఆ పేరువలననే కూలి మిక్కిలి తక్కువయై, లాభము వర్తకులకు పోయెనని ఆమె చూపినది. 2024లో ఆ లేసునకు భౌగోళికగుర్తింపు లభించినది. వస్తువునకు పేరు వచ్చినది మంచిదే. అల్లిన చేతికి తగిన కూలియు రావలెను.

ఇందుకు భిన్నమైన నిదర్శనము మన గుమ్మము ముందే యున్నది. జహీరాబాదు ప్రక్కనున్న పస్తాపూరు కేంద్రముగా దక్కను డెవలప్‌మెంటు సొసైటీ సంఘములలో చేరిన పల్లెస్త్రీలు జొన్న, కొఱ్ఱ, సామ, కంది విత్తనములను బూడిదతోను వేపాకుతోను కలిపి గంపలలో దాచుచు వచ్చిరి. ఒకప్పుడు అదియు "ఆడవారి యింటిపని" యే. వారు దానిని విద్యయని తామే చాటిరి. 2008లో మాచనూరునందు తమ గొంతుతోనే నడచు సంఘం రేడియో నెలకొల్పిరి. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమతి వచ్చినది. విత్తనము దాచుట విద్యయైనప్పుడు, ఇరువదివేల కుట్లు లెక్క తప్పక వేయుట విద్య గాదా?

కావున ఆడపడుచునకు ఏమి చెప్పవలెను? ప్రేమతో అడిగినవారికి ప్రేమతోనే, కాని లెక్కతో చెప్పుడు. "తప్పక అల్లుదును వదినా. ఇది నెలదినముల పని. దారము మీరు తెప్పింపుడు, నేను అల్లునప్పుడు మధ్యాహ్నము ఒక గంట పిల్లలను మీరు చూడుడు" అనినచో బంధుత్వము చెడదు. ఆమెకును ఆ స్వెట్టరు విలువ తెలియును. డబ్బిచ్చి చేయించుకొనువారియొద్ద దారపు వెలతోపాటు గంటల వెలయు అడుగుటకు సిగ్గుపడరాదు. తీరికలేని నాడు "ఈయేడు కాదు" అనుట తప్పు గాదు. ఇంటివారును ఒకటి గమనింతురు గాక: ఆమె సూదులు పట్టినప్పుడు ఆమె ఖాళీగా లేదు, వరుస ముగియువఱకు పిలువకుండుట ఆమెకు చేయు మర్యాద.

అల్లికకు మొదటి కుట్టు ఎత్తిననాడే ఒక చిన్న నోటుపుస్తకములో తేదీ, దారపు వెల, దినదినము పట్టిన సమయము వ్రాయ నారంభింపుడు. ముగిసిననాడు మొత్తము కూడి, బట్టలోపలి అంచున మీ పేరును సంవత్సరమును రంగుదారముతో కుట్టుడు. బిడ్డ పెరిగి ఆ స్వెట్టరు తమ్మునికో, చెల్లెలి బిడ్డకో పోవును. దానితో మీ పేరును పోవును.

వచ్చు సంచికలో మేజోడు మడమ త్రిప్పు విధమును వివరింతుము. అంతవఱకు సూదులపై నున్న మూడుపనులలో ఒకటియైనను ముగించి యుంచుడు.