తెలుసుకున్నాక ఏం మారింది?



మన ఒంగోలు ప్రాంతపు తొలి విశ్వాసుల్లో యర్రగుంట్ల పేరయ్యగారు ఒకరు. తాళ్ళకొండపాడులో ఉంటూ తోళ్ల వ్యాపారం చేసేవారు. యేసే నిజదేవుడని గ్రహించి 1866లో బాప్తిస్మం పొందారు. ఆయన సాక్ష్యం విని ఎందరో ప్రభువును తెలుసుకున్నారు. వారికి మిషనరీ క్లౌ దొరగారు నేర్పినవి మూడే: ఆదివారం పనికి వెళ్లొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు.

చెప్పడానికి చిన్నవే. కానీ ఊరి వెట్టి చేసే కుటుంబం "ఆదివారం రాము" అంటే పెద్దల కోపానికి గురికావాలి, రావలసిన గింజలు పోగొట్టుకోవాలి. అయినా నిలబడ్డారు.

మరి మనం? తూకం కోసం మిరపకాయల మీద నీళ్లు చల్లేటప్పుడు, కోత కూలీలను డబ్బుల కోసం పదిసార్లు తిప్పేటప్పుడు మనం తెలుసుకున్న సత్యం ఎక్కడుంది? క్రియల వల్ల రక్షణ రాదు, నిజమే. కానీ రక్షణ వచ్చిన ఇంట్లో క్రియలు మారకుండా ఉండవు. యేసును చేర్చుకున్న జక్కయ్య డబ్బు లెక్కలే సరిచేసుకున్నాడు (లూకా 19).

ఈసారి యార్డుకు బస్తాలు వేసే ముందు మనమూ ఒక్క నిర్ణయం తీసుకుందాం. ప్రభువు ఆ కృప మనకు దయచేయును గాక. ఆమేన్.