కడలి అడుగున తెగిన తీగె

పటాన్‌చెరువునుండి ఏ దిక్కునకు పోయినను సముద్రము వందల కిలోమీటర్ల దూరమున నున్నది. అయినను ఈ ప్రాంతపు దినచర్య సముద్రగర్భముతో ముడివడినది. పాశమైలారము, బొల్లారము పారిశ్రామికవాడలలో తయారగు మందులు అమెరికాలో అమ్ముడుపోవలెనన్న, వాని వివరములను ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థకు ఎలక్ట్రానిక్ రూపమున సమర్పింపవలెను. 1972లో నెలకొన్న ఇక్రిశాట్ విత్తన భాండాగారమున జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల నమూనాలు లక్షకు పైగా కలవు. విత్తనము విమానములో పోవును; దాని వివరము మాత్రము ఆఫ్రికాలోని శాస్త్రజ్ఞునికి సముద్రపు తీగె మీదనే చేరును.

ఈ సమాచారమంతయు ఉపగ్రహముల ద్వారా పోవునని విద్యార్థులు పెక్కుమంది తలంతురు. అది పొరపాటు. ఖండాంతర సమాచారమున నూటికి సుమారు 99 వంతులు నీటి అడుగు కేబుళ్లలోనే పయనించును. లోతైన కడలిలో ఆ కేబులు తోటకు నీరుపట్టు గొట్టమంత మాత్రమే. దాని నడుమ వెండ్రుకలవంటి గాజుపోగులు. వానిలో పరుగెత్తునది వెలుగు.

2025 సెప్టెంబరు 6న ఎఱ్ఱసముద్రములో, జెద్దా సమీపమున, భారతదేశమును ఐరోపాతో కలుపు రెండు కేబుళ్లు దెబ్బతినెను. ఇంటర్నెట్టు ఆగలేదు, నెమ్మదించినది. ఈ భేదము గమనింపదగినది. గాజులో వెలుగు వేగము సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. 12 వేల కిలోమీటర్ల కేబులుపై ప్రశ్న పోయి జవాబు వచ్చుటకు సెకనులో ఎనిమిదవ వంతు పట్టును. చుట్టుదారి రెట్టింపైన కాలమును రెట్టింపగును. పలకమీద చేయదగిన లెక్కయే ఇది. ఎన్ని కోట్లు వెచ్చించినను మారదు. ఇక మిగిలిన కేబుళ్లపై రద్దీ వేరు. పెద్ద సంస్థలు రెండు మూడు మార్గములలో చోటు కొనుక్కొనగలవు. చిన్న పరిశ్రమ కా స్తోమత యెక్కడిది?

కేబుళ్ల సంఖ్య చూచి సంతసించుట తగదు. 2022 చివరకు భారతదేశమున 17 అంతర్జాతీయ కేబుళ్లు, 14 తీరకేంద్రములు ఉండెను. కాని పడమటికి పోవువానిలో అధికభాగము ఎఱ్ఱసముద్రమును, ఈజిప్టును దాటవలసినవే. పదిబాటలు ఒకే వంతెన నెక్కినచో వంతెన కూలిననాడు పదియు మూతపడును. 2008 జనవరిలో అలెగ్జాండ్రియా వద్దను, 2024 ఫిబ్రవరిలో ఎఱ్ఱసముద్రములోను జరిగినదిదియే. 1870లో బొంబాయికి వచ్చిన టెలిగ్రాఫు తీగెయు సూయజు, ఏడెనుల మీదుగానే వచ్చినది. తీగె మారినది గాని త్రోవ మారలేదు.

2025 అక్టోబరులో విశాఖపట్టణమునకు గూగుల్ ప్రకటించిన పథకమున అంతర్జాతీయ సముద్రకేబుళ్ల కేంద్రమును కలదు. తెలుగు తీరమునకిది శుభవార్తయే. తూర్పుదేశముల దారి దీనివలన దగ్గరగును. ఐరోపా దారి ఇరుకు మాత్రము దీనితో తీరదు. విశాఖనుండి సంగారెడ్డి వరకు నేలమీది తీగెలును వేర్వేరు మార్గముల రానిచో, రోడ్డు తవ్వు యంత్రమొక్కటి చాలును, సముద్రమున గడించినదంతయు పోగొట్టుటకు.

మరమ్మతు మాట మరియొకటి. తెగిన కేబులును పైకిలాగి అతుకుటకు ప్రత్యేకమైన ఓడ కావలెను. అందుకై విదేశపు ఓడలపై ఆధారపడుచున్నందున, భారత జెండాతో నడచు మరమ్మతు ఓడలను సమకూర్చుకొనవలెనని ట్రాయ్ 2023లోనే సిఫారసు చేసినది. కేంద్రము గట్టునెక్కించు కొత్త కేబుళ్లతోపాటు ఆ ఓడల లెక్కయు పారిశ్రామికవాడలవారు అడుగుట న్యాయము.